రేడియేషన్ రోజుల్లో రొమ్ము చర్మం: నీళ్లు తగలవచ్చా, ఏ క్రీము రాయాలి?

ప్రశ్న: నా వయసు 54. కుడి రొమ్ములో గడ్డను మాత్రం తీసేశారు. కీమో అయిపోయింది, ఇప్పుడు కరెంటు పెడుతున్నారు. మొత్తం 15 సిట్టింగులు, ఆ తర్వాత గడ్డ ఉన్న చోట మరో 5 అన్నారు. ఇప్పటికి 11 అయ్యాయి. మొదట్లో ఏమీ అనిపించలేదు. నాలుగు రోజులుగా రొమ్ము కింది మడతలోనూ చంకలోనూ దురద, మంట. చర్మం ఎర్రబడుతుందని ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో ఉంది. నాది నల్లని చర్మం, ఎరుపు కనిపించడం లేదు, ఇంకా నల్లబడిందంతే. అక్కడ నీటిచుక్క కూడా పడకూడదని బంధువులు, సబ్బుతో కడుక్కోవచ్చని నర్సు చెబుతున్నారు. మా అమ్మాయి నాలుగు రకాల క్రీములు తెచ్చింది. మడతలో ఒకచోట చర్మం లేచినట్టుంది. చెబితే రేడియేషన్ ఆపేస్తారేమోనని ఎవరికీ చెప్పలేదు. ఏడాది నిండని మనవరాలిని ఎత్తుకోవచ్చో లేదో కూడా చెప్పండి.

సమాధానం: మీరు అడిగిన వాటికన్నా ముందు, మీరు దాచిన దాని గురించి చెప్పాలి. మడతలో చర్మం లేచిందన్న సంగతి రేపు సిట్టింగుకు వెళ్లినప్పుడు, బల్ల మీద పడుకోకముందే, అక్కడి టెక్నీషియన్‌కో నర్సుకో చెప్పండి. రొమ్ముకు రేడియేషన్ తీసుకునేవారిలో ఎక్కువమందికి ఏదో ఒక స్థాయిలో చర్మం మారుతుంది కనుక, ఆ విభాగంలో పనిచేసేవారికి ఇది రోజూ చూసే విషయమే. దీనికోసం చికిత్స ఆపవలసిన పరిస్థితి అరుదుగా వస్తుంది. వచ్చినా అది డాక్టర్ చూసి, తూచి తీసుకునే నిర్ణయం. మధ్యలో విరామాలు వస్తే మిగిలిన క్యాన్సర్ కణాలకు తేరుకునే వ్యవధి దొరుకుతుందని వారికి బాగా తెలుసు, అందువల్ల ఆపడానికి ఎవరూ తొందరపడరు. చిన్న గాయాన్ని దాచిపెట్టి అది పెద్దదై ఇన్ఫెక్షన్ చేరినప్పుడే నిజంగా ఆపవలసి రావచ్చు. మీరు దేనికి భయపడి చెప్పలేదో, చెప్పకపోవడం వల్ల అదే జరిగే వీలుంది.

మొదటి వారం ఏమీ తెలియకపోవడానికి కారణం చర్మం పెరిగే తీరులో ఉంది. మన చర్మపు పైపొరలో అడుగున ఉండే కణాలు నిరంతరం విభజన చెందుతూ పైకి జరుగుతుంటాయి, పైన ఉన్నవి రాలిపోతుంటాయి. అడుగునుంచి పైదాకా రావడానికి దాదాపు నెల పడుతుంది. రేడియేషన్ దెబ్బ ముఖ్యంగా అడుగునున్న, విభజన చెందే కణాలకు తగులుతుంది. పైనున్నవి ఎప్పటిలాగే రాలుతూ ఉంటాయి గానీ వాటి స్థానంలోకి రావలసినవి సరిపడా తయారు కావు. ఈ లోటు బయటపడేసరికి రెండు మూడు వారాలవుతుంది. అదే కారణంగా చివరి సిట్టింగు అయిన రోజుతో లోటు ఆగదు, సాధారణంగా చికిత్స ముగిసిన తర్వాత ఒకటి రెండు వారాల్లో చర్మం పరిస్థితి అన్నిటికన్నా అధ్వానంగా ఉంటుంది. చాలామంది చివరి రోజున ఇంటికి వచ్చి, ఇక తగ్గుముఖమే అనుకుని, ఆ తర్వాతి వారం మంట పెరిగేసరికి ఏదో తేడా జరిగిందని బెంబేలు పడతారు. మీ సిట్టింగులన్నీ పూర్తయ్యాక మరో రెండు వారాలపాటు ఇప్పటి జాగ్రత్తలే కొనసాగించాలని ముందే మనసులో పెట్టుకోండి. ఆ తర్వాత సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్త చర్మం వస్తుంది.

మీకు రొమ్ము మొత్తానికి ఇస్తున్న 15 సిట్టింగుల పద్ధతి బ్రిటన్‌లో రొమ్ము రేడియేషన్ మీద స్టార్ట్ అనే పేరుతో జరిగిన పరీక్షల ఫలితాలు 2008లో వెలువడిన తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది. అంతకుముందు 5 వారాల్లో 25 సిట్టింగులుగా మొత్తం 50 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) ఇచ్చేవారు, ఇప్పుడు 3 వారాల్లో 40 గ్రేలు ఇస్తున్నారు. రోజువారీ మోతాదు పెరిగింది కనుక చర్మం ఎక్కువ కాలుతుందేమోనని చాలామంది అనుకుంటారు గానీ, మొత్తం మోతాదు తగ్గినందువల్ల ఈ పద్ధతిలో చర్మం దెబ్బతినడం సాధారణంగా తక్కువగానే ఉంటుంది. గడ్డ ఉన్న చోట అదనంగా ఇచ్చే 5 సిట్టింగుల వల్ల ఆ మేరకు చర్మం మరికాస్త నల్లబడి సున్నితంగా మారవచ్చు.

మడతలోనే ఎందుకు లేచిందో కూడా తెలుసుకుంటే, ఏం చేయాలో మీకే తోస్తుంది. ఇప్పటి యంత్రాల నుంచి వచ్చే కిరణాలు చర్మం ఉపరితలం మీద కాక, కొంత లోతుకు వెళ్లాక పూర్తి బలం పుంజుకుంటాయి. సాధారణంగా రొమ్ముకు వాడే 6 మెగావోల్ట్ కిరణాలకు ఆ లోతు దాదాపు 1.5 సెంటీమీటర్లు. అందువల్ల చదునుగా ఉన్న చోట పై చర్మానికి కొంత రక్షణ దొరుకుతుంది. రొమ్ము కింద, చంకలో మాత్రం చర్మం మీద చర్మం ఆనుకుని ఉంటుంది. పైనున్న కండను దాటి వచ్చిన కిరణం లోపలి మడతను తాకేసరికి దాదాపు పూర్తి బలంతో ఉంటుంది. దానికి తోడు అక్కడ చెమట, రాపిడి. రొమ్ములు పెద్దవిగా ఉన్నవారికి, ఒళ్లు భారీగా ఉన్నవారికి, పొగతాగేవారికి ఈ ఇబ్బంది ఎక్కువ. కాబట్టి మీరు రోజూ చూసుకోవలసింది అద్దంలో ఎదురుగా కనిపించే భాగాన్ని కాదు. ఉదయం వెలుతురులో రొమ్మును అరచేత్తో మెల్లగా పైకెత్తి, చేతి అద్దం పట్టుకుని మడత అడుగును చూసుకోండి. మీకు కనిపించకపోతే మీ అమ్మాయిని చూడమనండి.

ఎరుపు గురించి మీరు రాసింది ముఖ్యమైన విషయం. ఆసుపత్రి కాగితాల్లోని వర్ణనలు తెల్లని చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావడం మామూలే. చామనఛాయ, నలుపు చర్మాల్లో ఎరుపు స్పష్టంగా తేలదు. ముదురు గోధుమ, ఊదా, నలుపు ఛాయలే కనిపిస్తాయి. ఎరుపు లేదు కాబట్టి నాకేమీ కాలేదని రోగి అనుకోవడం, పైపైన చూసిన సిబ్బంది కూడా అలాగే అనుకోవడం వల్ల నల్లని చర్మం ఉన్నవారిలో ఈ సమస్యను తక్కువగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. మీరు రంగుకన్నా స్పర్శను నమ్ముకోవడం మేలు. చేతి వెనుక భాగాన్ని ముందు ఎడమ రొమ్ము మీద, తర్వాత కుడి రొమ్ము మీద ఆనించి వేడిలో తేడా ఉందేమో చూడండి. చర్మం బిగుసుకున్నట్టు ఉందా, రంధ్రాలు ఉబ్బి గరుకుగా తగులుతున్నాయా, పొట్టు రాలుతోందా, తడి ఊరుతోందా అన్నవి గమనించి, ఆ మాటల్లోనే డాక్టర్‌కు చెప్పండి. పొట్టు ఊడిన చోట చర్మం లేత గులాబీ రంగులోనో తెల్లగానో కనిపిస్తే కంగారు పడకండి. రంగు మెల్లమెల్లగా తిరిగి చేరుతుంది.

ఇక నీళ్ల సంగతి. మీ బంధువులను తప్పుపట్టలేం. ఒకప్పుడు రేడియేషన్ విభాగాల్లోనే నీళ్లు తగలనివ్వవద్దని చెప్పేవారు, ఆ మాట ఇళ్లలో ఇప్పటికీ మిగిలింది. కడుక్కునేవారినీ కడుక్కోనివారినీ పోల్చి చేసిన పరీక్షల్లో, కడుక్కున్నవారి చర్మం అదనంగా పాడవలేదు. క్యాన్సర్ రోగుల సహాయక చికిత్సల కోసం పనిచేసే అంతర్జాతీయ సంఘం మాస్క్ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా రోజూ నీటితో, కావాలంటే మృదువైన సబ్బుతో కడుక్కోమనే ఉంది. కాబట్టి మీ నర్సు మాట వినండి. పైగా మడతలో చెమటా మురికీ నిలిచిపోతే దురద పెరుగుతుంది, ఇన్ఫెక్షన్‌కు చోటు దొరుకుతుంది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, వేడిగా ఉండకూడదు. ధార నేరుగా రొమ్ము మీద పడనివ్వకుండా, సువాసన లేని సబ్బును అరచేతిలో నురగ చేసుకుని, ఆ చేత్తోనే తేలికగా రాసి కడిగేయండి. స్పాంజి, పీచు, బిరుసు తువ్వాలు వద్దు. తుడిచేటప్పుడు రుద్దకుండా మెత్తని బట్టను అద్ది తీయాలి. మడత లోపల బట్ట అంచును ఆనించి తడి పూర్తిగా పీల్చుకునేదాకా ఉంచాలి. ఒంటి మీద పెన్నుతో గీసిన గుర్తులు ఉంటే అవి చెరిగిపోకుండా చూసుకోండి, చెరిగితే మీరు దిద్దవద్దు, సిబ్బందే దిద్దాలి. పచ్చబొట్టు చుక్కలైతే ఆ బాధ లేదు.

నాలుగు క్రీముల్లో మూడింటిని పక్కన పెట్టేయండి. రేడియేషన్ వల్ల చర్మం పాడవకుండా పూర్తిగా అడ్డుకునే క్రీము ఏదీ లేదు. క్రీము చేయగలిగింది చర్మంలో తేమ నిలిపి, బిగువూ దురదా తగ్గించడమే. ఆ పని సువాసన లేని మామూలు మాయిశ్చరైజర్ ఏదైనా చేస్తుంది. కలబంద గుజ్జు చల్లగా ఉంటుందని చాలామంది రాసుకుంటారు గానీ, చర్మం పాడవకుండా కాపాడుతుందని పరీక్షల్లో తేలలేదు. ఇంట్లో మొక్క నుంచి తీసిన గుజ్జును లేచిన చర్మం మీద అసలు పెట్టవద్దు. కేలెండ్యులా అనే పూల మొక్క నుంచి చేసే లేపనం మేలు చేస్తుందని 2004లో ఫ్రాన్స్‌లో జరిగిన పరీక్షలో కనిపించింది, తర్వాత స్వీడన్‌లో జరిగిన పరీక్షలో దానికీ మామూలు క్రీముకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఇప్పటికే వాడుతూ, అది మీ ఒంటికి సరిపడితే మానవలసిన పని లేదు, కొత్తగా వెతికి కొనవలసిన పని అంతకన్నా లేదు. ఒకేసారి నాలుగు రకాలు రాస్తే, రేపు దద్దురు వచ్చినప్పుడు అది రేడియేషన్ వల్ల వచ్చిందో క్రీము పడక వచ్చిందో తేల్చుకోలేక డాక్టర్ కూడా ఇబ్బంది పడతారు.

రోజుకు రెండు మూడుసార్లు, చర్మం లేవని చోట మాత్రమే, పలుచగా రాయండి. సిట్టింగుకు ముందు కొన్ని గంటలపాటు ఏమీ రాయకూడదని చాలాచోట్ల చెబుతారు. పలుచని పూతవల్ల చర్మానికి అందే మోతాదు పెద్దగా మారదని తర్వాతి పరిశీలనల్లో తేలింది. అయితే మందంగా పట్టించిన పూత, మడతలో నేను చెప్పిన కండ పొరలాగే, పై చర్మానికి దక్కే రక్షణను తగ్గిస్తుంది. మీ ఆసుపత్రిలో ఏ నియమం చెప్పారో దాన్నే పాటించండి. నన్నడిగితే, సిట్టింగు ముగిసి ఇంటికి వచ్చాక ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి రాయడం అన్నిటికన్నా సులువు. అసలు ఉపయోగం ఉందని పరీక్షల్లో నిలిచినది స్టెరాయిడ్ క్రీము. మొమెటాసోన్ వంటి దాన్ని మొదటి నుంచీ రాసినవారిలో దురద, మంట, తీవ్రమైన మార్పులు తగ్గాయి. మీ దురదకు కూడా అది పనికిరావచ్చు. కానీ తడి ఊరుతున్న చర్మం మీద, ఇన్ఫెక్షన్ ఉన్నచోట దాన్ని రాయకూడదు, ఎన్నాళ్లు రాయాలో కూడా డాక్టరే చెప్పాలి. మీ అమ్మాయి తెచ్చిన వాటిలో అది ఉంటే చూపించి అడగండి, సొంతంగా మొదలుపెట్టవద్దు.

చంకలో చెమట వాసన పోవడానికి డియోడరెంట్ వాడితే అందులోని లోహం వల్ల చర్మం కాలుతుందన్న భయం కూడా పాతదే. పరీక్షలు దాన్ని బలపరచలేదు. చర్మం చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు వాడవచ్చు. మీకు ఇప్పటికే చంకలో మంట ఉంది కనుక తగ్గేదాకా ఆపండి. పౌడరు మాత్రం మడతలో అసలు చల్లవద్దు, చెమటతో కలిసి ఉండలు కట్టి ఒరుసుకుంటుంది. చంకలో వెంట్రుకలు తీయడానికి బ్లేడు, వ్యాక్స్, క్రీము ఏవీ వద్దు. తప్పనిసరైతే ఎలక్ట్రిక్ ట్రిమ్మర్ వాడండి. తీగ ఉన్న బ్రా మానేసి వదులైన మెత్తని నూలు బట్టలు వేసుకోండి. ఇంట్లో ఉన్నప్పుడు రోజుకు ఒకటి రెండుసార్లు అరగంటపాటు బ్రా లేకుండా, కుడిచేయి తల పక్కకు ఎత్తి పెట్టుకుని వెల్లకిలా పడుకుంటే, మడత విడివడి గాలి తగులుతుంది. మిగిలిన వేళల్లో మడత మధ్య మెత్తని నూలు గుడ్డను ఒక పొరగా పెట్టి, తడిసినప్పుడల్లా మార్చుకోండి. నా ఉద్దేశంలో నాలుగు క్రీములకన్నా ఈ గుడ్డ ముక్క వల్లే మీకు ఎక్కువ సుఖం.

ఇప్పుడు లేచిన చోటు. పైపొర పొట్టుగా రాలి కింద పొడిగా ఉంటే మాయిశ్చరైజర్‌తో సరిపోతుంది. పొర ఊడి కింద మెరుస్తూ, తడిగా, తాకితే చురుక్కుమంటూ ఉంటే దాన్ని పుండులా చూడాలి, క్రీము రాయడం అక్కడ ఆపేయాలి. దాన్ని ఎండబెట్టాలన్న ఆలోచన సరైనది కాదు. ఒకప్పుడు జెన్షియన్ వయొలెట్ అనే ఊదారంగు మందు పూసి ఆరబెట్టేవారు. ఎండి చిట్లిన పుండు కన్నా, శుభ్రంగా కొద్దిపాటి తేమతో ఉన్న పుండు తొందరగా మానుతుందని తెలిశాక ఆ పద్ధతి వెనకబడింది. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, ఘాటైన యాంటీసెప్టిక్ ద్రవాలు కొత్తగా పుట్టే చర్మాన్ని కూడా కాల్చేస్తాయి. నర్సు సెలైన్‌తో కడిగి, పుండుకు అంటుకోని సిలికాన్ డ్రెస్సింగ్ పెడతారు. అది నిలవడానికి ప్లాస్టర్‌ను రేడియేషన్ పడిన చర్మం మీద అతికించకూడదు, తీసేటప్పుడు మంచి చర్మం కూడా దాంతోపాటే ఊడి వస్తుంది. వెండి కలిసిన సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమును కొందరికి రాస్తారు. సల్ఫా మందులు మీకు పడకపోతే ఆ మాట ముందే చెప్పాలి. నొప్పి ఉంటే ఓర్చుకోనక్కరలేదు, డ్రెస్సింగ్ మార్చడానికి కొంతసేపు ముందు మాత్ర వేసుకోవచ్చునేమో అడగండి. చర్మం మీద పలుచగా అతికే సిలికాన్ పొరను మొదటి రోజు నుంచే వేసి ఉంచితే చర్మం లేవడం తగ్గుతుందని కెనడాలో జరిగిన పరీక్షలో తేలింది. మీకు ఇప్పుడు ఆ దశ దాటిపోయింది, కానీ మీలాగే చికిత్సకు సిద్ధమవుతున్నవారు ముందే అడిగి చూడవచ్చు.

చలిజ్వరం వచ్చినా, ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కినా, పుండు నుంచి చీము కారినా, దుర్వాసన వచ్చినా, పచ్చని రసి ఊరినా, నొప్పి ఒక్కసారిగా పెరిగినా, వాపు రేడియేషన్ హద్దు దాటి పాకినా మర్నాటి సిట్టింగుదాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయాలి. కీమో ఈమధ్యే పూర్తయింది కనుక మీ విషయంలో జ్వరాన్ని మరింత గట్టిగా పట్టించుకోవాలి.

మంట తగ్గుతుందని మంచుగడ్డలు, నొప్పికని వేడి నీళ్ల సంచి పెట్టుకోవద్దు. అక్కడి చర్మానికి చల్లదనం, వేడి సరిగా తెలియక మరింత దెబ్బ తగులుతుంది. దురదకు గోళ్లు తగిలించవద్దు, గోళ్లు కురచగా ఉంచుకోండి. రాత్రి నిద్రలో గోకుతున్నారని అనుమానం ఉంటే దురద తగ్గే మాత్ర అడగవచ్చు. క్లోరిన్ కలిసిన ఈతకొలనులకు వెళ్లకండి. చర్మం పుంజుకోవడానికి మాంసకృత్తులున్న ఆహారం సరిపడా తినాలి. విటమిన్లు, యాంటీ ఆక్సిడెంట్లు అంటూ ఎక్కువ మోతాదులో అమ్మే మాత్రలను మాత్రం డాక్టర్‌కు చెప్పకుండా మింగవద్దు, రేడియేషన్ చేసే పనికి అవి అడ్డు రావచ్చునన్న అనుమానం ఉంది.

మనవరాలిని నిస్సందేహంగా ఎత్తుకోండి. మీకు బయటి యంత్రం నుంచి కిరణాలు ఇస్తున్నారు. యంత్రం ఆగిన క్షణమే కిరణాలు ఆగిపోతాయి, మీ ఒంట్లో ఏదీ మిగిలి ఉండదు, పాపకు మీ నుంచి ఏదీ సోకదు. జాగ్రత్త మీ గురించే: ఎడమవైపు ఎత్తుకోండి, ఎందుకంటే ఏడాది నిండని పిల్లలు కాళ్లతో తన్నేది, బట్ట పట్టి లాగేది సరిగ్గా రొమ్ము దగ్గరే. చంకలో గ్రంథులు కూడా తీసి ఉంటే, కుడిచేత్తో ఎంత బరువు ఎత్తవచ్చో మీ డాక్టర్‌ను విడిగా అడగాలి.

చికిత్స ముగిశాక మంట పోయినా నలుపు వెంటనే పోదు. కొన్ని నెలలు పడుతుంది, కొందరిలో కొద్దిపాటి ఛాయాభేదం అలాగే ఉండిపోతుంది. తెల్లబరిచే క్రీములు దాని జోలికి పోనివ్వవద్దు. ఆ చర్మం ఎండకు ఇకపై ఎప్పటికీ సున్నితంగానే ఉంటుంది కనుక బట్టతో కప్పుకోండి. చర్మం పూర్తిగా మానాక మెడ కింద, భుజం దగ్గర బయటకు కనిపించే భాగానికి ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ రాయండి. నెలలు గడిచాక రొమ్ము కాస్త గట్టిపడటం, చర్మం కింద సన్నని రక్తనాళాలు సాలెగూడులా కనిపించడం కొందరిలో జరుగుతుంది. ముందుముందు మీకు మళ్లీ ఎప్పుడైనా కీమో మందులు ఇవ్వవలసి వస్తే, వాటిలో కొన్నింటివల్ల, మానిపోయిన ఆ చోటే తిరిగి మండి రంగు మారవచ్చు. అలాంటప్పుడు అక్కడ గతంలో రేడియేషన్ ఇచ్చారన్న సంగతి ఆ డాక్టర్‌కు తప్పక చెప్పాలి. అంతా మానిపోయి నెలలు దాటాక రొమ్ము కొత్తగా వాచినా, చర్మం మందమెక్కి గుంటలు పడినా, దద్దురో పుండో తగ్గకుండా నిలిచిపోయినా, రేడియేషన్ ప్రభావమేలే అని సర్దుకోకుండా, తర్వాతి తేదీ కోసం ఎదురుచూడకుండా వెళ్లి చూపించుకోండి.